ఎడమ మలుపు, ఏవండీ

మార్చి 3, ఉదయం 6

బయల్దేరుతున్నాం. కారు వెనక ట్రైలర్, చక్రాల మీద చిన్న ఇల్లులాంటిది, దాని నిండా అమ్మ సర్దిన సామాను. పోయినసారి ఎలా సర్దిందో అలాగే ఉంది. కప్పులు టవల్లో చుట్టి, అగ్గిపెట్టెలు డబ్బాలో దాచి. అమ్మ పోయి ఎనిమిది నెలలు. సరస్సు దగ్గర ట్రైలర్ నిలుపుకునే పద్నాలుగో నంబరు చోటు, మార్చి పదో తేదీకని ముందుగానే బుక్ చేసి మరీ పోయింది. నాన్న క్యాన్సిల్ చెయ్యనన్నాడు.

ఫోన్లో అక్క ఒకటే గోల. ఆయనకి బుద్ధి లేకపోతే నీకైనా ఉండక్కర్లేదటే, ఉద్యోగం మానేసి ఊరేగుతున్నావు అంది. ఇది నేను మానేసిన రెండో ఉద్యోగం. నన్ను ఓదార్చడానికే నాన్న తీసుకెళ్తున్నాడని నా అనుమానం. ఆయన్ని ఓదార్చడానికి నేను వెళ్తున్నానని అక్కకి చెప్పాను.

మార్చి 4

మొదటి పార్కు. ఎర్ర రాళ్ల లోయ. ట్రైలర్ నిలిపాక నేల సమంగా ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే పడుకున్నప్పుడు తల కిందికి పోతుంది. అందరూ దానికి నీటి బుడగ ఉన్న పరికరం వాడతారు. అమ్మ పద్ధతి వేరు. లోపల నేల మీద నారింజకాయ పెట్టేది. అది ఎటు దొర్లితే అటు చక్రం కింద చెక్క.

నాన్న కూడా నారింజకాయే పెట్టాడు. పెట్టి, కళ్లు మూసుకుని అది దొర్లే చప్పుడు విన్నాడు. అమ్మ గుర్తొచ్చిందేమో అనుకుని నేను బయటికొచ్చేశాను.

మార్చి 5

కారు నడుపుతూ నాన్న నన్ను ఇయర్‌ఫోన్స్ తీసెయ్యమన్నాడు. పాటలెందుకు, దారిలో ఏం కనిపిస్తే అది చెప్పు, కాలక్షేపంగా ఉంటుంది అన్నాడు. నేనేమైనా అమ్మనా, వాగుతూ కూర్చోడానికి అన్నాను. నవ్వాడు. అమ్మకి మేం పెట్టిన పేరు కారు రేడియో. ఏవండీ, ఎడమ మలుపు. ఏవండీ, లారీ. ఏవండీ, స్పీడ్ బ్రేకర్. ఇంజన్ ఆపితే గానీ ఆగేది కాదు.

మార్చి 6

వ్యూ పాయింట్. ఎదురు బండ మీద అడవి మేకలు, తొమ్మిది. చుట్టూ పిల్లల కేకలు. మేకలన్నీ వెళ్లిపోయాక నాన్న ఆ ఖాళీ బండకేసి చూస్తూ, భలే ఉన్నాయి కదూ అన్నాడు.

మార్చి 7

ఏదో తేడాగా ఉంది.

మార్చి 8, ఉదయం 11

రోడ్డు పని జరుగుతోంది. అంచున ఎర్రజెండా పట్టుకున్న ఆవిడ. నాన్న ఆపలేదు. నేను అరిచాను. ఆవిడ గుంటలోకి దూకింది. కారు ఆగేసరికి జెండా మా బానెట్ మీద ఉంది.

ఆవిడకేం కాలేదు. కిటికీ దగ్గరికొచ్చి, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా పెద్దాయనా, నాకు ఇద్దరు పిల్లలున్నారు అంది. నాన్న సారీ చెప్పాడు. ఆవిడ ఉన్న వైపు కాదు, కొంచెం పక్కకి చూస్తూ.

అదే రోజు, సాయంత్రం 5

చెప్పాడు. గ్లాకోమా. మూడేళ్లట. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట, ఆ కనిపించే కాస్త కూడా పొగ పట్టినట్టు. ముప్ఫై ఏళ్లు కళ్లజోళ్ల షాపు నడిపిన మనిషి. లైసెన్స్ రెన్యూవల్‌కి వెళ్లి చార్టు మొత్తం చూడకుండానే అప్పజెప్పేశాడట, ఆఖరి వరసతో సహా. అదంతా నాకు నోటికొచ్చు కదే అన్నాడు. కొంచెం గర్వంగా. ఆ గర్వం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అమ్మకి తెలుసా అన్నాను.

అమ్మే కదా నడిపింది అన్నాడు.

రెండేళ్ల కిందట, వెనక సీట్లో అక్కా నేనూ. అమ్మ ఏవండీ ఏవండీ అంటూనే ఉంది. నేనే అన్నాను. కాసేపు నోరు మూసుకో అమ్మా, ఆయనకి డ్రైవింగ్ వచ్చు అని. మూసుకుంది. రెండు నిమిషాలు. కరెంటు స్తంభం తగిలి సైడ్ అద్దం పగిలింది. నీ నస వల్లే ఆయన కంగారు పడ్డాడని మళ్లీ అమ్మనే తిట్టాం. నాన్న ఒక్క మాట అనలేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు. కిందికి దిగి అద్దం ముక్కలు ఏరి కవర్లో వేసింది.

మార్చి 9

కారు తాళం అడిగాను. ఇవ్వలేదు. ఇంక అడగలేదు, చెయ్యి చాపి నిలబడ్డాను. ఇది కూడా ఇచ్చేస్తే నాకింకేముందే అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆఖరికి నా చేతిలో పెట్టిన తాళం వేడిగా ఉంది. పొద్దుటి నుంచీ గుప్పిట్లోనే పట్టుకున్నట్టున్నాడు.

ట్రైలర్‌తో నేనెప్పుడూ నడపలేదు. గంటకి నలభై. వెనక బారు కట్టిన బండ్లు. ఒకడు దాటుతూ, పెళ్లి ఊరేగింపా అని అరిచాడు. నాన్న అమ్మ సీట్లో కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్నట్టు.

మార్చి 10

పద్నాలుగో నంబరు. నారింజకాయ పెట్టాను. దొర్లలేదు. మీ అమ్మ మంచి చోటే చూసింది అన్నాడు.

సరస్సు ఎలా ఉందో చెప్పమన్నాడు. నేను కాలేజీ వ్యాసంలా మొదలుపెట్టాను, నీలిమ, నిశ్చలత, ప్రతిబింబం అంటూ. అబ్బ, అలా కాదే, మీ అమ్మలా చెప్పు అన్నాడు.

సరే. ఎదురుగా నీళ్లు. కుడి పక్క కొండ, నెత్తిన మంచు. ఎడమ పక్క పడవ, అందులో ఎవరూ లేరు.

ఇంకా అన్నాడు.

ఇంకేం లేదు నాన్నా అన్నాను. మడత కుర్చీలు మూడు వేసి ఉన్నాయి. అలవాటు కొద్దీ నేనే వేశాను. అది చెప్పలేదు.

మార్చి 11

తిరుగు దారి. నేనే నడుపుతున్నాను. పక్క సీట్లో నాన్న గొంతు సవరించుకుని, ముందు ఎడమ మలుపుంది తల్లీ, నెమ్మది అన్నాడు.

రోడ్డు తిన్నగా ఉంది.

నెమ్మదించాను.