నాలుగో నంబరు మీద తిరిగే ఫ్యాన్

ఫుజైరా,
ఆగస్టు 9

లింగన్నా,

రేపు నీ తమ్ముడు పోశెట్టి వీడియో కాల్ చేస్తాడు. తలకు కట్టు చూసి అడిగితే క్వారీలో జారిపడ్డానంటాడు. నమ్మకు. కొట్టింది నేను.

నేను నడిపే పికప్‌లో ఏసీ ఫ్యాన్ మొదటి మూడు నంబర్ల మీద తిరగడం మానేసింది. నాలుగు మీద మాత్రం హోరుమని తిరిగేది. ఆ హోరులో తన ఫోన్ వినబడటం లేదని, ఓ రోజు బండెక్కిన ముదీర్, అంటే మా మేనేజర్, అందరి ముందు నా చెంప పగలగొట్టాడు. రేపటికల్లా బాగుచేయించకపోతే నా వీసా ఖలాస్ అన్నాడు.

ఆయన్ని ఏమీ అనలేక, పక్కసీట్లో కూర్చుని రోజూ స్విచ్ తిప్పే పోశెట్టి మీద పడ్డాను. "నీ మొరటు చేతులతోనే ఇరగ్గొట్టినవ్" అంటూ కిందికి గుంజి వీల్ పానాతో తల మీద కొట్టాను.

"స్విచ్ మంచిగనే ఉందిరా, నాలుగు మీద తిరుగుతలేదా?" అని అరిచాడు.

ఎదురు మాట్లాడుతున్నాడని మళ్లీ కొట్టాను. భుజం ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అయినా ఆగలేదు. ముగ్గురు పట్టుకుంటే ఆగాను.

మర్నాడు మెకానిక్ డ్యాష్‌బోర్డు కింద నుంచి అగ్గిపెట్టెంత రెసిస్టర్ తీశాడు. మాడిపోయి ఉంది. "ఇది పోతే నాలుగొక్కటే పనిచేస్తుంది, స్విచ్‌కేం కాలేదు" అన్నాడు. నెత్తురోడుతూ నీ తమ్ముడు చెప్పిందీ అదే.

పోలీసులకు వాడు నా పేరు చెప్పలేదు. ఆసుపత్రికి వెళ్తే, "బండి బాగైందా?" అని అడిగాడు.

బాగైంది లింగన్నా. అన్ని నంబర్ల మీదా తిరుగుతోంది. పోశెట్టే, స్విచ్ తిప్పే చెయ్యి ఎత్తలేకపోతున్నాడు.

నీ తమ్ముణ్ణి కొట్టినవాడు