జాబితాలో లేని దేశం

దావిద్,

ఇవాళ మీ దేశంలో పార్లమెంటు ఎన్నికలు. ఆ మాటంటే కిరణ్ ఇప్పటికీ నవ్వుతాడు. "ఎవడూ గుర్తించని దేశానికి పార్లమెంటేంట్రా?" అంటాడు. సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లో మనం ముగ్గురం ఉన్న రోజుల్లో నేనూ నవ్వేవాణ్ణి. ఇక్కడ అమెరికాలో మీకు ఎంబసీ లేదు. అందుకని ఎన్నికల రోజున నువ్వు ఓటు చీటీ రాసుకుని మా ఖాళీ ఆవకాయ జాడీలో వేసేవాడివి. మా దేశంలో పెట్టినట్టే కిరణ్ నీ ఎడమచేతి చూపుడువేలికి మార్కర్‌తో చుక్క పెట్టేవాడు. మాకది ఆట. నువ్వు మాత్రం రెండ్రోజులు ఆ వేలు తడవనిచ్చేవాడివి కాదు.

నువ్వు పోయాక నిన్ను ఇక్కడే పూడ్చాం. డెత్ సర్టిఫికెట్‌కి ఫారం నింపింది నేనే. పుట్టిన దేశం అన్నచోట వచ్చిన జాబితాలో మీ దేశం లేదు.

"పక్క దేశం పెట్టెయ్‌రా, ఎవడు చూస్తాడు?" అన్నాడు కిరణ్.

యుద్ధంలో మీ అన్నను చంపిన దేశం అది. నాకు తెలుసు. మీటింగ్‌కి లేటవుతోందని క్లిక్ చేశాను.

ఇందాక మీ చెల్లెలు ఫోన్ చేసింది. ఆ కాగితం చూసినప్పటి నుంచీ మీ అమ్మది ఒకటే మాటట. పోయింది శత్రువుల పిల్లాడెవడో, తన కొడుకు కాదని. ఓటర్ల లిస్టులోంచి నీ పేరు తీయనివ్వలేదట. ఇవాళ పొద్దున్నే బూత్‌కి వెళ్లి, నీకోసం క్యూలో చోటు పట్టుకుని నిలబడిందట. వెనకవాళ్లందరినీ ముందుకు పంపించేస్తోందట.