మళ్ళీ మమ్మల్నే పిలుస్తారా?

మంగళవారం, హిందూపురం

దీపం పెట్టి గంటసేపు దేవుని ముందు కూర్చున్నా కోపం దిగలేదు.

తమ్ముడు శీను శవానికి ఫ్రీజర్ బాక్సు అద్దెకిస్తాడు, శ్మశానం బండి నడుపుతాడు. పోయినవాళ్ళు ఆడవాళ్ళయితే నీళ్ళు పోసి చీర కట్టేది నేను. ఇన్నేళ్ళూ పని బాగా జరిగిందా అని ఎవరినీ అడగలేదు. ఇప్పుడు శీను ఆ ఇళ్ళకు ఫోన్లో ప్రశ్నలు పంపుతున్నాడు.

పెనుకొండలో సరోజ కూతురు పోయి మూడో రోజు. శ్మశానంలో పాలు పోసి ఇంటికి రాగానే మెసేజ్ వచ్చిందంట. మా సేవకు ఎన్ని స్టార్లు? మళ్ళీ మమ్మల్నే పిలుస్తారా?

సరోజ నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "అక్కా, ఇంట్లో మిగిలింది మా అత్తా నేనూ. ఎవరికోసం అడుగుతాండారు?" అంది.

చావింటి గడప దిగేటప్పుడు 'పోయొస్తాం' అని కూడా అనకూడదని అవ్వ నేర్పింది. శీనుకూ నేర్పింది.

అడిగితే, "హోటలోళ్ళు అడగరా అక్కా? మనకు నాలుగున్నర స్టార్లు వచ్చినాయి తెలుసా!" అన్నాడు.

"ఆ అర స్టారు ఎవరు తగ్గించినారో, వాళ్ళింటికి పోయి అడుగు పో. ఆ ప్రశ్నలు పంపేది మానేదాకా నీ బండెక్కను" అన్నాను.

"నువ్వు రాకుంటే ఆడోళ్ళ పని ఎవరు చేస్తారక్కా?"

ఇప్పుడే ధర్మవరం నుంచి శీనుకు ఫోన్. ఒక పెద్దామె పోయిందంట. "అక్కను పంపండి" అన్నారంట.

ఆమె ఏం చేసింది పాపం? పోతాను. తెల్లారి మొదటి బస్సుకు పోతాను.