గడ్డి కింద బతుకమ్మలు

మెదకు, అక్టోబరు 1947

సోలాపురంలోని మా అక్క బాలనర్సమ్మకు తమ్ముడు ఎల్లం రాయడమేమనగా, నేను బతికే ఉన్నాను, నా నోరూ బతికే ఉంది. ఈ కార్డు మన లాజరు నిజాం సరిహద్దు దాటినాక తపాలా డబ్బాలో వేస్తాడు గనుక అన్నీ నిజాలే రాస్తున్నాను.

ఈ అక్టోబరులో తంగేడు మస్తుగా పూసింది. కాని గుంపుగా బతుకమ్మ ఆడితే లోపల వేస్తామని రజాకార్లు చాటింపు వేయించినారు. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మన వాడకట్టు బతుకమ్మలన్నీ నా బండికెక్కించి, పైన పచ్చిగడ్డి కప్పి వాగుకు తోలినాను. దారిలో ఒక రజాకారు ఆపి గడ్డి లేపినాడు. ఎక్కడి నుంచో కొత్తగా వచ్చినవాడు, బతుకమ్మను ఎరుగడు.

"ఏందిరా ఈ పూలు?" అని వచ్చీరాని తెలుగులో అడిగినాడు.

"చేన్ల కలుపు, సర్కార్. ఎడ్లకు మేత. జర మీరు గూడ రుచి చూడుండ్రి" అన్నాను.

పిడికెడు గునుగుపూలు ఎద్దు మూతికి పెడితే అది బుద్ధిగా నమిలింది. వాడు పొమ్మన్నాడు.

ఆడవాళ్లు బిందెలు పట్టుకొని, నీళ్లకన్నట్టు ఒక్కొక్కరే వాగుకు వచ్చినారు. పొద్దుగూకేదాక ఆడినారు. అమ్మ నీ పేరున పేర్చిన బతుకమ్మను కూడా నీళ్లలో వదిలినాము.

బావ మోకాలు ఎట్లుంది? అమ్మకు చలి మొదలైంది, ఒక సోలాపురం దుప్పటి పంపు. ఎద్దుకు కూడా ఒకటి పంపితే కాదనను.

ఊరు విడిచి నీ దగ్గరికి రమ్మన్నావు. రాను. ఈ ఏడు నిన్ను పండుగకు తోలుకరాలేకపోయినాను. నేను కూడా తలుపుకు తాళం వేసి వస్తే, వచ్చే బతుకమ్మకు నువ్వు ఏ పుట్టింటికి వస్తావు?

పిల్లలకు దీవెనలు, బావకు దండాలు. తంగేడు మళ్లీ పూసేనాటికి బండి కట్టుకొని వస్తాను, తయారుగా ఉండు.