మందు గోడౌన్లో హారతి

దసరా, 1998

ఇవాళ మా క్వారీ ఓనరు పేలుడు మందు దాచే గోడౌన్లో ఆయుధపూజ చేయించాడు. తలుపు మీద "అగ్గిపెట్టెలు తేరాదు" అన్న బోర్డుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. దండ వెనక అక్షరాలు కనపడకుండా పోయాయి. రూలు పీడ విరగడైంది! గేటు దగ్గర కూలీల జేబులు తడిమి లాక్కున్న అగ్గిపెట్టెల్లోంచే ఒకటి తెప్పించి, మందు పెట్టెల ముందు కర్పూరం వెలిగించమన్నాడు పంతులుగారిని.

"వద్దండి, డిటొనేటర్లు పక్కగదిలోనే ఉన్నాయి" అన్నా. బ్లాస్టింగ్ లైసెన్సు నాది. ఏదన్నా అయితే ముందు నన్నే పట్టుకుంటారు.

"దేవుడి హారతికి కూడా రూల్సేంటయ్యా? పండగపూట అపశకునం మాటలు!" అన్నాడు ఓనరు. అందరూ నన్ను పాపిష్టోణ్ణి చూసినట్టు చూశారు. ఇప్పటికీ నా చొక్కాకి కర్పూరం వాసనే.

ఏం భక్తి! నిజంగానే దేవుడి మీద అంత నమ్మకమేమో అనుకుందును. కానీ ఆయన కొత్త కారుకి కూడా ఇవాళే పూజ. దాన్ని మాత్రం దూరంగా పరిటాల రోడ్డు మీదే ఆపించాడు. డ్రైవరుతో అంటుంటే నా చెవిన పడింది:

"ఇక్కడిదాకా తేవద్దురా, లోపల మందుంది."