గోరింటాకు పెట్టుకున్న చేతులు

మల్లన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రేడియో వార్తలంటే చెవి కోసుకునేవాడివి, అందుకే చెబుతున్నాను. రష్యా ట్యాంకులు పక్కనున్న చెకొస్లోవేకియాలోకి దూరాయి. చాలా దేశాలు తప్పన్నాయి. మన దేశం మాత్రం ఐక్యరాజ్యసమితిలో ఎటూ చెయ్యెత్తలేదట.

"చేతులకు గోరింటాకు వెట్టుకున్నరేమో!" అన్నాను. బోధన్ హోటలంతా నవ్వింది.

గుమ్మం పక్కన మక్కకంకులు కాల్చి అమ్ముకుంటున్న వదిన తలెత్తింది.

"గెట్టు పంచాయతీల నువ్వు గూడ గదే వెట్టుకున్నవా, మరిదీ?"

నువ్వు పోయాక పక్క చేను పటేలు గెట్టు దున్నేసి నీ పొలం కలుపుకున్నాడు. ఆ గెట్టు ఎక్కడుండేదో నాకు తెలుసు. అయినా పంచాయతీలో నోరు విప్పలేదు. నా చెరుకు ఫ్యాక్టరీకి చేర్చేవి ఆయన బండ్లే.

రేపు మళ్లీ పంచాయతీ పెట్టారు. నా చెరుకు ఇంకా పొలంలోనే ఉంది, అన్నా.