బోటు మళ్లీ రేవులో దించాం

ఏవండీ,

మీ సంవత్సరీకం అయిపోయిందని ఇవాళ బోటు దించాం. ఇంజను సంగతి అడక్కముందే అడుగంతా వేళ్లతో తట్టి చూసి మీరు కొన్న ఆ పాత కేబిన్ బోటే. ఏడాదిగా షెడ్డులో ట్రైలరు మీదే ఉంది. మీ తమ్ముడు ఆయిలు మార్చి, ట్రాక్టరుకు తగిలించి గోదావరి రేవుకు లాక్కొచ్చాడు. తోడికోడలు స్టీరింగుకు బొట్టు పెట్టి, లావుపాటి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టింది. నేను పక్కన నిలబడ్డాను.

దించిన కాసేపటికే కేబిన్లోకి నీళ్లొచ్చేశాయి. గట్టెక్కించాక లోపలి నీళ్లు పోవడానికి అడుగున ఉండే కన్నానికి బిరడా పెట్టనే లేదు.

"బిరడా ఎక్కడుందొదినా?" అని మీ తమ్ముడు కేకేశాడు.

"మీ అన్నయ్యనడుగు" అన్నాను.

ట్రాక్టరు బోటును మళ్లీ గట్టుకు లాగింది. ఆ నీళ్లన్నీ కారిపోయేదాకా చూస్తూ ఉన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. బిరడా మర్చిపోయి ఎవరూ బోటు నీళ్లలోకి దించకూడదని, ఒడ్డుకు ఎక్కించగానే మీరు దాన్ని స్టీరింగుకే కట్టేవారు. దండ తీశాను. దాని కిందే ఉంది, మీరు వేసిన ముడితో.

మీ తమ్ముడు తాడు కోసేద్దామన్నాడు. వద్దని నేనే విప్పాను, చాలాసేపు పట్టింది.

ఈసారి చుక్క నీరు రాలేదండి.